ప్రాణం ఉన్నవాటికైతే

అరుంధతికి పిల్లలంటే ఇష్టమని చెప్పలేం గాని, పిల్లలకు సైన్సు చెప్పడమంటే మహా ఇష్టం. యూనివర్సిటీ క్యాంపస్‌లో, పాత రాతి క్వార్టర్ల వెనక, ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన చిన్న బడి ఉంది. అందులో ఆమె నాలుగో తరగతి టీచరు. ఇల్లు తార్నాకలో. పొద్దున్నే మెయిన్ రోడ్డు దాటి, వాకింగుకు వచ్చినవాళ్లకు ఎదురుగా నడుచుకుంటూ బడికి వచ్చేది.

ఒకప్పుడు ఆ క్యాంపస్‌లోనే బోటనీలో పరిశోధన చేసింది. మూడేళ్లు చేసి మానేసింది. పెళ్లయింది, బాబు పుట్టాడు, అందుకే మానేశానని ఆమె అందరికీ చెప్పేది. ఆమె గైడు అచ్యుతరామయ్యగారు అప్పట్లో తోటివాళ్లందరి ముందూ అన్న మాట వేరు. "నీకు కష్టపడే గుణం ఉందమ్మా, చూసే కన్ను లేదు" అన్నాడాయన. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, మరిచిపోనూ లేదు.

ఆ కసి అంతా తరగతి మీద పెట్టింది. పుస్తకంలో ఉంది కాబట్టి నిజం కాదు, నేను చెప్పాను కాబట్టి నిజం కాదు అని బడి తెరిచిన మొదటి వారమే పిల్లలకు చెప్పేసింది. మరి నిజమని ఎలా తెలుసుకుంటాం అని ఆమె అడిగితే, చేసి చూస్తాం అని తరగతంతా ఒక్క గొంతుతో అనేది. బొబ్బర్లు రెండు గ్లాసుల్లో నాటించి ఒకదాన్ని కిటికీలో, ఒకదాన్ని బీరువాలో పెట్టించింది. పోల్చే రెండూ అన్నివిధాలా ఒకేలా ఉండాలనీ, వాటిలో ఒక్క సంగతి మాత్రమే మార్చాలనీ, అదేమిటో తేలేదాకా మధ్యలో చెయ్యి పెట్టకూడదనీ నేర్పింది. ఒక పిల్లవాడు బీరువాలో మొక్క తెల్లగా సాగిపోవడం చూసి జాలిపడి, ఎవరూ లేనప్పుడు ఎండలో పెట్టాడు. అందరి శ్రమా పాడుచేశావని అరుంధతి వాణ్ణి ఆ వారమంతా కిటికీ దగ్గరికి రానివ్వలేదు. జాలిపడేవాళ్లకు సైన్సు రాదు అని కూడా అంది. పిల్లలు ఆ మాట బాగా పట్టుకున్నారు.

దసరా సెలవులయ్యాక అనూష ఒక కబురు తెచ్చింది. అనూష ఆ తరగతిలో అందరికన్నా చురుకైన పిల్ల, ఏ పని పట్టుకున్నా చివరిదాకా వదలదు. వాళ్లమ్మ ఫోనుకు ఎవరో వీడియో పంపారట. రెండు సీసాల్లో అన్నం పెట్టి, ఒక సీసాతో రోజూ మంచి మాటలు, రెండోదానితో చెడ్డ మాటలు చెబితే, చెడ్డ మాటలు విన్న అన్నం ముందుగా కుళ్లిపోతుందట. అది వట్టి మాట అని అరుంధతి ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. తేల్చలేదు. అలా తేల్చకపోవడమే తన గొప్ప అనుకునేది ఆమె. రెండు పచ్చడి సీసాలు తెప్పించింది. తన టిఫిన్ డబ్బాలో అన్నమే సగం సగం పెట్టింది. పిల్లలు వంతులవారీగా ఒక సీసాకు బంగారం, తల్లీ అని చెప్పారు. రెండోదాన్ని దరిద్రం, వాసన అని తిట్టారు. చివరికి రెండూ ఒకేలా బూజు పట్టాయి. మంచి మాటల సీసాలో ఇంకాస్త పచ్చగా పట్టింది. తరగతి నవ్వుకుంది.

"చూశారా, అన్నానికి చెవులు లేవు" అంది అరుంధతి.

అనూష చెయ్యెత్తింది. "అన్నానికి ప్రాణం లేదు కదా మేడం. అందుకే ఏం కాలేదు. ప్రాణం ఉన్నవాటికైతే?"

అరుంధతికి ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లలో ఏ పిల్లా ఇంత చక్కని ప్రశ్న అడగలేదు. అది ఎలా తెలుస్తుందని అడిగితే తరగతి మామూలుగానే చేసి చూస్తామంది. గంట కొట్టారు. మీరే ఆలోచించండి అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. స్టాఫ్ రూములో ఆ ప్రశ్న గురించి అందరికీ చెప్పింది. ఇంటికెళ్లి భర్తకూ చెప్పింది. మొక్కలతో చేస్తారులే అనుకుంది. తర్వాత పరీక్షల హడావుడిలో మరిచిపోయింది.

ఆ తరగతిలో చెన్నమ్మ, శ్రావ్య అని ఇద్దరు పిల్లలు. ఇద్దరివీ కర్నూలు వైపు కుటుంబాలే, తండ్రులిద్దరూ యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాలుగా ఆ ఏడే చేరారు. చెన్నమ్మ వాళ్లు బౌద్ధనగర్‌లో అద్దెకుండేవారు. పిల్లకు నాన్నమ్మ పేరు పెట్టారు. ఆ పేరుకు మొదట్లో అందరూ నవ్వినా, చెన్నమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వేసరికి ఊరుకున్నారు. ఇద్దరూ ఒకే ఎత్తు, మార్కులు దాదాపు ఒకటే. ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకళ్ల డబ్బాలోది ఒకళ్లు తినేవాళ్లు.

సంక్రాంతి సెలవుల తర్వాత చెన్నమ్మ మారిపోవడం అరుంధతి గమనించకపోలేదు. ముందు చెయ్యెత్తడం మానేసింది. తర్వాత పేరు పెట్టి పిలిచినా లేచి నిలబడి ఊరుకునేది. డబ్బాలో అన్నం అలాగే వెనక్కి తీసుకుపోయేది. ఒకరోజు బెంచీ మీదే బట్టలు తడుపుకుంది. ఆయా వచ్చి కడుగుతుంటే పిల్లలెవరూ నవ్వలేదు. అందరూ చాలా శ్రద్ధగా చూశారు. ఎంత మంచి పిల్లలో అనుకుంది అరుంధతి. శ్రావ్య అప్పటికే వేరే బెంచీకి మారిపోయింది.

ఆ వారంలోనే బీజాలు మొలకెత్తడానికి ఏమేం కావాలో చెప్పమని చెన్నమ్మను లేపింది. జూన్‌లో ఆ సంగతి అందరికన్నా ముందు చెప్పిన పిల్ల, ఇప్పుడు నోరు విప్పలేదు. నీరు అని అందించినా పలకలేదు. అరుంధతికి విసుగొచ్చింది.

"ఏంటే, రోజురోజుకీ ఇలా మొద్దులా తయారవుతున్నావు? నీతో మాట్లాడటం దండగ" అంది.

వెనక బెంచీల్లో పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అనూష కళ్లు మెరిశాయి. అరుంధతి అది కూడా చూసింది. చూసి, పాఠం మీద శ్రద్ధ అనుకుంది.

చెన్నమ్మ తల్లి భారతమ్మ ఒకసారి వచ్చి గేటు దగ్గర నిలబడి అడిగింది. పాప బడికి పోనంటాంది, కడుపునొప్పి అంటాంది, అన్నం ముట్టడం ల్యా అంది. ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా అని అడిగింది అరుంధతి. భారతమ్మ బెదిరిపోయి, అట్లాంటివేం లేవు మేడం అని చెప్పి వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో సైన్స్ డే. ఆ ఏడు ముఖ్య అతిథిగా అచ్యుతరామయ్యగారిని పిలిచారు. రిటైరై విద్యానగర్‌లో ఉంటున్న ఆయనకు ప్రాథమిక తరగతుల సైన్సు పుస్తకాలు కొత్తగా రాయించే కమిటీ పని అప్పగించారు. మంచి టీచర్లను వెతుకుతున్నారని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి అరుంధతికి కాలు నిలవలేదు. అన్నం సీసాల ప్రయోగం ఆయన ముందు మళ్లీ పెట్టాలనీ, అనూష చేత చెప్పించాలనీ అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ చార్టు రాస్తుంటే అనూష వచ్చి పక్కన నిలబడింది. సైన్స్ డేకి అన్నం సీసాలు వద్దు మేడం, మా దగ్గర దానికన్నా మంచిది ఉన్నది అంది. ఏమిటది అని తల ఎత్తకుండానే అడిగింది అరుంధతి.

"ప్రాణం ఉన్నవాటికైతే ఏమైతదో చూసినం మేడం. చెన్నమ్మ, శ్రావ్య."

అరుంధతి చేతిలో స్కెచ్ పెన్ అక్కడే ఆగిపోయింది. సిరా చార్టు మీద చుక్కగా పాకుతోంది.

అనూష అంతా వరసగా చెప్పింది. ఇద్దరూ అన్నిట్లో ఒకేలాగ ఉన్నారు కాబట్టి వాళ్లను ఎంచుకున్నారు. ఎవరికి మంచి, ఎవరికి చెడు అన్నది చీటీ వేసి తీశారు, ఎవరి ఇష్టం మీదా కాదు. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ వెళ్లి శ్రావ్యతో ఒక మంచి మాట, చెన్నమ్మతో ఒక చెడ్డ మాట చెప్పాలి. నీ దగ్గర వాసనొస్తది, నువ్వంటే ఎవరికీ ఇష్టం లేదు, మీ అమ్మ నిన్ను వదిలేసి పోతది. రోజూ ఒకటే మాటలు. ఎవరైనా జాలిపడి చెప్పకపోతే వాళ్లను జట్టులోంచి తీసేశారు. చెన్నమ్మ ఎంత అన్నం మిగిల్చిందో, ఎన్నిసార్లు చెయ్యెత్తిందో వంతులు వేసుకుని చూశారు. మొదట్లో ఏడ్చేదట. ఇప్పుడు వాళ్లు రాగానే తనే లేచి నిలబడుతుందట.

"కోపంగా అనలేదు మేడం. కోపంగా అంటే ఒక్కొక్కరిది ఒక్కో తీరు ఉంటది కదా. అందరం మెల్లగనే చెప్పినం" అంది అనూష.

శ్రావ్యకు తెలుసా అని అడిగింది అరుంధతి. తెలుసంది అనూష. మధ్యలో కనిపెట్టేసిందట. ఆపమని మాత్రం అడగలేదట.

"మీరు గూడ అన్నరు మేడం. మేం చెప్పకుండనే. దాంతోటి బాగ తేడా వచ్చింది."

ఆ పిల్ల మొహంలో ఎక్కడా కల్మషం లేదు. మెచ్చుకుంటుందని ఎదురు చూస్తోంది. అరుంధతికి ముందు లేచి వెళ్లి చెన్నమ్మను ఒళ్లోకి తీసుకోవాలనిపించింది. భారతమ్మకు ఫోన్ చెయ్యాలనిపించింది. ఆ తర్వాత అచ్యుతరామయ్యగారి మొహం గుర్తొచ్చింది. ఈ సంగతి ఆయన చెవిన పడితే ఆయన ఏమంటాడో, ఎలా నవ్వుతాడో కూడా కళ్లకు కట్టింది. అప్పుడిక కదల్లేదు.

ఈ క్షణం నుంచి అది ఆపేయమంది. ఎవరితోనూ అనవద్దు, ఇంట్లో కూడా అంది. చెన్నమ్మతో అందరూ మంచిగా ఉండాలంది. అనూషకు అర్థం కాలేదు. ఇప్పుడు ఆపితే సగమే అయితది మేడం అంది. ఆపమన్నాను కదా అని అరిచింది అరుంధతి. అనూష బెదిరి, కాసేపు ఆలోచించి, మంచిగ ఎన్ని రోజులు ఉండాలె మేడం అని అడిగింది.

పిల్లలు చెప్పినట్టే చేశారు. మర్నాటినుంచి చెన్నమ్మకు చాక్లెట్లు ఇచ్చారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమెను ఊరడిద్దామని ఒక పిల్ల, మేం అన్నవన్నీ నిజం కాదు, టెస్టు చేసినం అంతే అని చెప్పేసింది. శ్రావ్య వెనక్కి వచ్చి తన డబ్బాలో కూర పెట్టబోతే చెన్నమ్మ డబ్బా మూసేసింది. ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక చెన్నమ్మ తలుపు దగ్గర నిలబడింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల గొంతు వినబడింది.

"మేడం, ఇప్పుడు నన్ను మంచి సీసా చేసినారా?"

ఏం సీసా, ఏం మాటలవి, పొద్దుపోయింది ఇంటికెళ్లు అంది అరుంధతి. సంచీ సర్దుకుంటూ అంది. ఆ పిల్ల వంక చూడలేదు.

సైన్స్ డే నాడు పొద్దున్నే బడి ముందు షామియానా వేస్తున్నారు. మొదటి గంట ఇంకా కాలేదు. భారతమ్మ చెన్నమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. తరగతి గదిలో పిల్లలు బల్లల మీద సీసాలూ చార్టులూ పెట్టుకుంటున్నారు.

"పాప ఏందో చెప్తాంది మేడం. బడిలో దాని మీద ప్రయోగం చేసినారంట. నువ్వు చెప్పిన పాఠమేనంట. నేను పెద్దగా చదువుకోల్యా, నాకు తెల్దు. నిజమా మేడం?"

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. కాదని చెప్పించుకోవాలనే వచ్చింది ఆమె. అతిథి కారు బయల్దేరిందని హెడ్‌మిస్ట్రెస్ అప్పటికే కబురు పంపింది. చెన్నమ్మ తలెత్తి టీచరును చూస్తోంది. ఇన్నాళ్లలో ఆ కళ్లలో కాస్త ఆశ లాంటిది కనబడింది ఆ క్షణంలోనే.

అలాంటిదేమీ జరగలేదంది అరుంధతి. చాలా నెమ్మదిగా, ఓర్పుగా చెప్పింది. ఈ మధ్య మీ అమ్మాయి కొంచెం అబద్ధాలు చెబుతోంది, పాఠాలు చదవక, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఏవేవో ఊహించుకుంటోంది, ఈ వయసులో మామూలే అంది. అది చాలదనిపించి అనూషను పిలిచింది.

"అనూషా, చెన్నమ్మ మీద మీరేమైనా ప్రయోగం చేశారా?"

అనూష నోరు తెరిచింది. మేడం మొహం చూసింది. ఆ పిల్ల ఎప్పుడూ అబద్ధమాడి ఎరగదు. మేడం ఏది కావాలని అడుగుతోందో తెలుసుకోవడానికి మాత్రం ఆట్టే సేపు పట్టలేదు.

"లేదు మేడం."

శ్రావ్యను కూడా అడిగింది. శ్రావ్య నేల చూస్తూ తల అడ్డంగా ఊపింది. పిల్లలందరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు తలలూపారు.

భారతమ్మ వంగి చెన్నమ్మ చెంప మీద కొట్టింది. చదువు చెప్పే తల్లి మీద అబద్ధాలు చెప్తావా అని మళ్లీ కొట్టింది. అరుంధతి వద్దమ్మా, వద్దు, చిన్నపిల్ల అంటూ అడ్డుపడింది. చెన్నమ్మ ఏడవలేదు. చెంప పట్టుకోనూ లేదు. అయిపోయిందా అన్నట్టు నిలబడింది. భారతమ్మ చేతులు జోడించి, తప్పుగా అడిగినాను, మనసులో పెట్టుకోవద్దు మేడం అని చెప్పి, ఆ పిల్లను లాక్కుంటూ వెళ్లిపోయింది.

సైన్స్ డే బాగా జరిగింది. అచ్యుతరామయ్యగారు కర్ర ఊతతో ఒక్కో బల్ల దగ్గరా ఆగి చూశారు. అనూష అన్నం సీసాల సంగతి తడుముకోకుండా చెప్పింది. ఇద్దరినీ సమానంగా చూడాలి, ఒక్కటే మార్చాలి, ముందే నిర్ణయించుకోకూడదు అని చెబుతుంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత చిన్న పిల్లలకు ఇది ఎవరు నేర్పారని అడిగారు. హెడ్‌మిస్ట్రెస్ అరుంధతిని ముందుకు తోసింది.

"నువ్వా అమ్మా" అన్నారాయన. గుర్తుపట్టారు. అప్పటి మాట ఆయనకు గుర్తున్నట్టు లేదు. "చాలా సంతోషం" అని, అనూష వైపు తిరిగి, "అన్నం అయింది. ఇప్పుడు ఇంకేం తెలుసుకోవాలనుంది నీకు?" అని అడిగారు.

అరుంధతి అనూష భుజం మీద చెయ్యి వేసింది.

అనూష మేడం వైపు చూసి చెప్పింది. "ఏం లేదు సార్. మేడం చెప్పింది చేస్తం."

ఆయన నవ్వి ఆ పిల్ల తల నిమిరారు. క్రమశిక్షణ కూడా బాగుందన్నారు. ఆ నెలాఖరుకే అరుంధతిని పుస్తకాల కమిటీలో వేసుకున్నారు. తార్నాకలో అపార్ట్‌మెంటు వాళ్లందరికీ ఆమె స్వీట్లు పంచింది.

చెన్నమ్మ మళ్లీ బడికి రాలేదు. టీసీ తీసుకుని మౌలాలిలో ఏదో బడిలో చేర్చారనీ, ఇల్లు కూడా అక్కడికే మార్చారనీ ఆయా చెప్పింది. తరగతిలో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. చెయ్యమన్నది చేసేవారు, అడిగినదానికి జవాబు చెప్పేవారు. ప్రశ్నలు మాత్రం తగ్గిపోయాయి. అనూష మార్కులు ఇంకా పెరిగాయి. ఒకసారి శ్రావ్య తల్లి వచ్చి, ఇంట్లో ఎవరు ఏమన్నా మా పిల్ల నమ్మడం లేదు మేడం, బాగున్నావంటే కూడా ఏడుస్తోంది అంది. అరుంధతి ఆమెకు ఓపికగా నచ్చచెప్పి పంపింది.

ఆ ఏడు బళ్లు మళ్లీ తెరిచాక, ఒక ఆదివారం ఉదయం కమిటీ సమావేశానికి వెళ్లబోతూ తార్నాక చౌరస్తా దాటుతుంటే, ఎవరో వెనకనుంచి మేడం మేడం అని పిలిచారు. బస్టాపులో భారతమ్మ. పక్కన చెన్నమ్మ. పిల్ల పొడుగెదిగింది, చిక్కిపోయింది. అరుంధతి కాళ్లు వెనక్కి లాగాయి గాని, అప్పటికే భారతమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆమె మొహం వెలిగిపోతోంది. దేవుడే కనిపించినట్టు చేతులు పట్టుకుంది.

"నువ్వు ఆ దినం చెప్పబట్టి తెలిసింది మేడం, లేకుంటే పిల్ల చెడిపోయుండు. మా ఆయన గూడా అదే అంటాడు. ఇప్పుడు అబద్ధాలు మానేసింది. అసలు మాట్లాడనే మాట్లాడదు. ఇంట్లోనూ అంతే, బడిలోనూ అంతే. డాక్టరు దగ్గరికి పోయినాము, గొంతులో ఏం ల్యాదన్నాడు. మొండితనం మేడం. నువ్వు చెప్తే వింటాదేమో, ఒక మాట చెప్పు."

అంటూనే కూతుర్ని ముందుకు తోసింది. "మేడం కాళ్లకు దండం పెట్టు."

చెన్నమ్మ మారు మాట్లాడకుండా వంగింది. చల్లని చేతివేళ్లు అరుంధతి చెప్పుల మీద, వేళ్ల మీద ఆనాయి. అమ్మ చాలనేదాకా అలాగే ఉంది. రోడ్డు మీద జనం పోతున్నారు. నీ కూతురు ఆ రోజు చెప్పింది నిజం. ఆ ఒక్క మాట అంటే చాలు. భారతమ్మ ఆశగా చూస్తోంది. అరుంధతి సంచీలో కమిటీ కోసం రాసిన మూడో తరగతి పాఠాల కాగితాలున్నాయి.

"నువ్వు చాలా మంచి పిల్లవి, చెన్నమ్మా" అంది అరుంధతి.

చెన్నమ్మ చప్పున నిటారుగా నిలబడింది. చేతులు రెండు పక్కలా అంటిపెట్టుకుని, ఇంకా ఎవరెవరు వచ్చి ఏమంటారోనన్నట్టు బస్టాపులో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినే చూడసాగింది.

"చూడు మేడం, ఎట్ల చూస్తాదో" అంది భారతమ్మ. ఇంతలో మౌలాలి బస్సు వచ్చింది. వెళ్లొస్తాం మేడం, నీ మేలు మరిచిపోలేం అంటూ పిల్లను ఎక్కించి తానూ ఎక్కింది.

అరుంధతి సమావేశానికి ఆలస్యంగా వెళ్లింది. అప్పటికే అందరూ మొదటి పాఠం చర్చిస్తున్నారు. ఏమ్మా ఆలస్యమైంది అని అచ్యుతరామయ్యగారు ఆప్యాయంగా అడిగారు.

తార్నాకలో ట్రాఫిక్ సార్ అని చెప్పి, ఆమె తన కుర్చీలో కూర్చుని కాగితాలు బయటికి తీసింది.